ఆకుపచ్చ పెళ్ళికొడుకు మొహం

మా పై వాటాలో ఉండే ఆవిడని అందరూ జిగురక్క అంటారు. ఆవిడకేం కోపం లేదు, పిలిస్తే చక్కగా పలుకుతుంది. టీవీ సీరియళ్ళలో మొహాలు అతికించడం ఆవిడ పని. మేకప్ కాదు సుమండీ. మేకప్ అంటే ఉన్న మొహానికి మెరుగులు పెట్టడం. ఈవిడ లేని మొహాన్ని తయారుచేసి తెచ్చి, ఉన్న మొహం మీద కూర్చోబెడుతుంది. దెయ్యాలు, ఒళ్ళు కాలినవాళ్ళు, పళ్ళూడిన ముసలాళ్ళు, వేరే గ్రహం మనుషులు, ఎవరు కావాలన్నా ఈవిడ దగ్గరికే రావాలి.

ఈవిడకి ఒక అలవాటుంది. ఎక్కడైనా అంచు లేచి కనపడితే చెయ్యి ఊరుకోదు. మా ఇంటికొచ్చి కబుర్లు చెబుతూనే మా టేబుల్ మీద ఊడిన రేకుని బొటనవేలితో నొక్కుతూ ఉంటుంది. క్యాలెండరు మూల కాస్త ముడుచుకుంటే లేచెళ్ళి నొక్కి వస్తుంది. ఒకసారి మెట్లమీద నన్ను ఆపేసి, నా చెప్పు అడుగు ఊడొస్తోందని అక్కడే చతికిలబడి, సంచిలోంచి జిగురు తీసి అతికించేసింది. అది ఆరేదాకా నేను రెయిలింగు పట్టుకుని కొంగలాగా ఒంటికాలి మీద నిలబడ్డాను. కింద వాటా వాళ్ళబ్బాయి అది చూసి, పంతులమ్మగారికి కూడా ఒంటికాలి శిక్ష పడిందిరా అని ఇల్లిల్లూ చాటింపు వేశాడు.

ఆవిడ మొగుడు సిటీ బస్సు డ్రైవరు. మాట తక్కువ మనిషి. ఆయనకి మూతి చుట్టూ, ఒక చెంప మీద, రెండు చేతుల మీదా తెల్లమచ్చలు ఉంటాయి. చిన్నప్పట్నించీ ఉన్నవే. వాళ్ళ పెళ్ళి ఎలా కుదిరిందో ముందు చెప్పేస్తాను, అది తెలియకపోతే జిగురక్క మీకు అర్థం కాదు.

అప్పట్లో ఈవిడ బొమ్మల ఫ్యాక్టరీలో పనిచేసేది. పొద్దస్తమానం బొమ్మలకి కనుబొమలు దిద్దడం, బుగ్గలకి రంగు అద్దడం. సంబంధం వచ్చింది, అబ్బాయివాళ్ళు చూడ్డానికి వచ్చారు. అబ్బాయి మేనత్త గొప్ప తెలివైంది. మచ్చలు కనపడకూడదని దారిలోనే ఎక్కడో ఆపి అతగాడి మొహం నిండా రంగు పూసి తీసుకొచ్చింది. అమ్మాయికి గుమ్మంలోంచే అనుమానం వచ్చిందట. మెడ ఒక రంగు, మొహం ఒక రంగు, ఎవరో చేతకానివాళ్ళు కలిపారు అనుకుందట. ఎండన పడి వచ్చాడేమో, అబ్బాయి మంచినీళ్ళు అడిగాడు. గటగటా తాగి గ్లాసు కింద పెట్టేసరికి మూతిమీది రంగంతా గ్లాసు అంచుకి అంటుకుంది. అసలు మూతి బయటపడింది. మేనత్త నీళ్ళు నమిలింది. అమ్మాయి తండ్రి కుర్చీలోంచి లేవబోయాడు.

అప్పుడు ఈ అమ్మాయి, "పెరట్లో కుళాయి ఉంది, మొహం కడుక్కుని రండి," అంది.

పాపం ఆయన హెడ్మాస్టరు పిలిచిన పిల్లాడిలా లేచి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాడే. పారిపోయాడేమో అనుకున్నారట అందరూ. చివరికి గడ్డం మీంచి నీళ్ళు కారుతూ వచ్చి నిలబడ్డాడు. ఈవిడ నిదానంగా చూసి, కూర్చోండి, టీ చల్లారిపోతోంది అంది. సంబంధం అలా ఖాయమైపోయింది. "మరి ఏం చూసి ఒప్పుకున్నావే?" అని నేనడిగితే, "చూడ్డానికి ఏదో ఒకటి చూపించాడు కదండీ, మిగతావాళ్ళు అదీ చెయ్యరు," అంటుంది.

సరే, ఇక సీరియల్ సంగతి. మా భవనంలో దాన్ని నక్షత్రాల సీరియల్ అంటాం. మొదట్లో నాకసలు నచ్చలేదు. ఓ పెద్ద ఓడ ఆకాశంలో తేలుతూ ఉంటుంది, అందులో జనం బిగుతు బట్టలేసుకుని గోడకున్న బొత్తాలు నొక్కుతూ ఉంటారు, ఎవరికీ వంటా వార్పూ లేదు. ఆ ఓడకీ పక్కనున్న గ్రహం వాళ్ళకీ నీళ్ళ దగ్గర గొడవ. ఆకాశంలో కొట్టుకుపోతున్న ఓ మంచుకొండ మాదంటే మాదని. ఒకళ్ళ మీద ఒకళ్ళు మంటలు విసురుకోవడం, గోడలు ఊగడం, జనం అటు పడి ఇటు పడ్డం. నాకు తల తిరిగిపోయేది.

అలాంటిది, ఓ రోజు ఓడలో పెద్దాయనా, గ్రహం పెద్దాయనా కూర్చుని, ఈ తగువు తీరాలంటే ఇరువైపులా ఓ పెళ్ళి జరగాలన్నారు. నేను సర్దుక్కూర్చున్నాను. ఓడలో ఉన్న డాక్టరమ్మాయిని గ్రహం వాళ్ళబ్బాయికి ఇవ్వాలి. అమ్మాయి తరఫున మాట్లాడే పెద్దదిక్కు ఓడ నాయనమ్మ. పెద్ద తెర మీద గ్రహం వాళ్ళు కనపడగానే ఆవిడ మొదటి ప్రశ్న, అబ్బాయి ఏం చేస్తుంటాడని. తోకచుక్కల్ని దారి మళ్ళిస్తుంటాడండీ అన్నారు వాళ్ళు. స్థిరమైన ఉద్యోగమేనా అంది ఆవిడ. తోకచుక్కలకేం కొదవండీ, వస్తూనే ఉంటాయి అన్నారు వాళ్ళు. మా ఇంట్లో చేరిన ఆడవాళ్ళందరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ రోజు నించి మా భవనంలో ఆ వేళకి ఒక్క గుమ్మం దగ్గర కూడా మనిషి కనపడితే ఒట్టు.

ఆ గ్రహం పెళ్ళికొడుకు మొహం జిగురక్క చేసిందే. ఆకుపచ్చ మొహం, నుదుటిమీద మూడు గట్లు, చప్పిడి ముక్కు, విసనకర్రల్లాంటి చెవులు. ఆ వేషం వేసే అబ్బాయి మొహం అచ్చు తీసి, దాని మీద మెత్తటి రబ్బరు పోసి, ఆరబెట్టి, పారేసి, మళ్ళీ పోసి, ఎన్ని రకాలు చేసిందో ఆవిడకే తెలియదు. భయపెట్టకూడదట, నవ్వు రాకూడదట, అలాగని అందంగానూ ఉండకూడదట. మొదటిసారి చూసినప్పుడు కాస్త ఉలిక్కిపడి, రోజూ చూస్తుంటే మనవాడే అనిపించేలా ఉండాలని ఆవిడ పట్టు. నిజంగానే అలాగే కుదిరింది. ఆ డాక్టరమ్మాయి మొదట్లో అతని వంక చూసేది కాదు, గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడేది. తర్వాత్తర్వాత చెవుల్ని చూసి నవ్వింది. అతను ఓ రోజు జ్వరంతో పడుకుంటే గట్లున్న ఆ నుదుటిమీద చెయ్యేసి చూసింది. ఆ రోజు మేమందరం టీవీకి కళ్ళప్పగించి కూర్చున్నాం. జిగురక్క మాత్రం టీవీ దగ్గరికెళ్ళి, ముక్కు తెరకి ఆనించి, గడ్డం కింద అతుకు కనపడ్డం లేదు కదా అని చూసుకుంది.

ఆ మొహం వెనకాల ఉన్న కుర్రాడు ఎక్కడో దూరపు ఊరినించి వచ్చినవాడు. స్టూడియోలో అతన్ని ఆకుపచ్చల్లుడు అని ఏడిపిస్తారట. పొద్దున్నే ఈవిడ ముందు కుర్చీలో కూర్చుంటే ఓ పూటంతా అందులోనే. కళ్ళు మూసుకుని కూర్చుని అక్కా అక్కా అంటూ కబుర్లు చెప్పేవాడట. తల్లి ఒక్కతే ఊళ్ళో బట్టలు కుట్టుకుంటూ ఉంటుంది. కొడుకు టీవీలో వేస్తున్నాడని వీధంతా చెప్పుకుంది. ఏ వేషమమ్మా అంటే ఆకుపచ్చ పెళ్ళికొడుకని చెప్పింది. ఎదురింటి లాండ్రీ ఆవిడ అది విని, ఆ రబ్బరు తొడుక్కుంటే మా ఆయన కూడా నీ కొడుకే అవుతాడు, ఎవరు చూడొచ్చారు అందట. ఇక అప్పట్నించీ వీధిలో వాళ్ళకి ఇదో ఆట. ఏదో సందులో మేక కనపడితే అదిగో నీ కొడుకు వేషం మార్చుకుని వచ్చాడనేవారట. ఆవిడ ఫోను చేసినప్పుడల్లా కొడుకుని అడిగేది ఒకటే, ఒక్కసారి నీ మొహం కనపడదా నాన్నా అని.

ఈ కబుర్లన్నీ జిగురక్క సాయంత్రం వచ్చి మాకు చెప్పేది. అలా చెబుతున్నదల్లా ఓ రోజు మొహం మాడ్చుకుని వచ్చి కూర్చుంది. ఏమైందే అంటే, పెళ్ళి రోజు మొహం తీసేస్తారట అంది.

కథ రాసేవాళ్ళు అలా తేల్చారట. పెళ్ళి జరిగే ఘట్టంలో డాక్టరమ్మాయి, నీ అసలు రూపం చూపించమని అడుగుతుంది. అప్పుడతను, మా గ్రహంలో పెళ్ళయ్యేదాకా అందరం ఈ తొడుగు వేసుకునే ఉంటాం, నువ్వే తియ్యాలి అంటాడు. ఆ అమ్మాయి పట్టుకుని లాగుతుంది. లోపల్నించి చక్కటి కుర్రాడు బయటికొస్తాడు. అమ్మాయి మొహం వెలిగిపోతుంది. అంతే, ఇక ఆ పెళ్ళికొడుక్కి రబ్బరుతో పని లేదు.

"అయితే నీ పని?" అన్నాను.

"పని ఇంకోటి వెతుక్కుంటానండీ, ఎక్కడో ఓ దెయ్యం దొరక్కపోదు," అంది. "మొహం పోతుంది కదా. అన్నాళ్ళు పోట్లాడి పోట్లాడి ఆ పిల్ల ఆ మొహానికి అలవాటు పడింది. తీరా ఒప్పుకున్నాక, అబ్బే ఇది కాదు, ఇంకోటుంది చూడు, బావుంటుంది అని చూపిస్తే ఇక ఆ పిల్ల ఒప్పుకున్నదానికి అర్థమేముంది?"

నాకు ఆవిడ చెప్పిందే సబబనిపించింది. మా ఆడవాళ్ళందరికీ అలాగే అనిపించింది. ఆ రాసేవాళ్ళని నాలుగు దులిపేశాం. డ్రైవరుగారు ఆ పక్కనే పేపరు చదువుకుంటూ ఉన్నాడు.

కుర్రాడి సంబరం మాత్రం చెప్పనలవి కాదట. వాళ్ళమ్మ మిషను మూసేసి, వీధి వీధంతటినీ ఆ రోజు తన ఇంటికి పిలిచింది. లాండ్రీ ఆవిణ్ణి ముందు వరసలో కూర్చోబెడతానని శపథం కూడా చేసిందట. అది చెబుతూ కుర్రాడు కుర్చీలో పడీ పడీ నవ్వుతుంటే, జిగురక్క ఏం మాట్లాడుతుంది? రబ్బరు కదులుతోంది, నవ్వకు అందట.

షూటింగు రోజు వచ్చింది. లాగితే సుతారంగా వచ్చెయ్యాలి కాబట్టి ఆ రోజు జిగురు వేసే పద్ధతే వేరు. మామూలుగా అయితే ముక్కు దగ్గర మొదలుపెట్టి అంచుల దాకా అంతా పట్టిస్తుంది. ఆ రోజు అక్కడక్కడా చుక్కలు పెట్టి, గడ్డం కింద అసలు పెట్టకుండా వదిలేసింది. అన్నీ సరిగ్గానే చేసింది. కుర్రాడు వెళ్ళి కాస్త టిఫిన్ తిని వచ్చాడు. నమిలినప్పుడు గడ్డం దగ్గర అంచు లేచింది. అక్కా, ఇక్కడ ఊడొస్తోంది అన్నాడు.

ఊడొస్తోంది అన్న మాట ఆవిడ చెవిన పడాలే గానీ, ఇక చెప్పేదేముంది? ఎవరితోనో ఏదో మాట్లాడుతూనే కుంచె తీసింది, జిగురులో ముంచింది, గడ్డం కింద ఈ చెవినించి ఆ చెవిదాకా పట్టించేసింది, వేలితో నొక్కేసింది. ఎన్నాళ్ళుగానో చేస్తున్న పని. కుర్రాడు కూడా అలవాటుగా తల ఎత్తి కూర్చున్నాడు. ఇద్దరికీ తట్టలేదు.

కెమెరా తిరిగింది. డాక్టరమ్మాయి వేషం వేసే హీరోయిన్ తన మాట చెప్పింది, మొహం పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. గడ్డం ఓ పక్క చిరిగింది గానీ మొహం కదల్లేదు. కుర్రాడు పళ్ళ బిగువున నిలబడ్డాడు, అమ్మా అని కూడా అనలేదు, కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి. జిగురక్కకి అప్పుడు గుర్తొచ్చింది తనేం చేసిందో. హీరోయిన్ మంచి ఘటికురాలు. చేతులు ఆపి, అతని కళ్ళలోకి చూసి, రెండు చేతులతో ఆ చిరిగిన చోటు మూసేసి, "వద్దులే. నాకు తెలిసిన మొహం ఇదే," అంది. ఎవరూ రాసిచ్చింది కాదు, అప్పటికప్పుడు అనేసింది.

దర్శకుడు కట్ చెప్పి ఇంతెత్తున లేచాడు. జిగురక్కని అందరి ముందూ కడిగేశాడు. మళ్ళీ తీద్దామంటే కుర్రాడి దవడ మీద చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది, జిగురు తగిలితే భగ్గుమంటుంది. హీరోయిన్ ఆ మధ్యాహ్నం వేరే ఊరు వెళ్ళిపోవాలి. ఆ ఎపిసోడ్ మర్నాడే టీవీలో రావాలి. చేసేది లేక, తీసిందే కత్తిరించి అతికించి వేసేశారు.

మేమందరం చూశాం. వద్దులే అని ఆ పిల్ల అన్నప్పుడు పక్కింటి బామ్మగారు కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. అప్పటికి మాకు జరిగింది తెలియదు, ఎంత బాగా రాశారో అనుకున్నాం. ఎవరి నోట విన్నా అదే మాటట. దర్శకుడికి ఫోన్లమీద ఫోన్లు. జిగురక్కని తిట్టినాయనే వచ్చి, ఏదో పనిగట్టుకుని తనే చేయించినట్టు, ఇక ఆ మొహం తీసేదే లేదు, సీరియల్ ఉన్నన్నాళ్ళూ ఉంటుందని చెప్పాడట. దవడ మానేదాకా మాత్రం పెళ్ళయిన మర్నాడే పాపం పెళ్ళికొడుకుని తోకచుక్క పనిమీద పంపించేశారు. ఆ డాక్టరమ్మాయి రోజూ కిటికీ దగ్గర నిలబడి ఎదురుచూడ్డం, మేము ఆ తోకచుక్కని శాపనార్థాలు పెట్టడం.

ఆవిడ మొహం నిలిచింది, పనీ నిలిచింది. మిఠాయిలు పంచాలి నిజానికి. కానీ జిగురక్క వచ్చి కూర్చుని అసలు సంగతంతా చెప్పింది. నేను నోరెళ్ళబెట్టి విన్నాను. కావాలని చేశావా ఏమిటే అన్నాను నవ్వులాటకి.

"చెయ్యి చేసిన పనండీ," అంది. మా టేబుల్ రేకుని నొక్కుతూ, "మనసు అడ్డం చెప్పలేదు, అంతే," అంది.

అక్కడ ఊళ్ళో ఏమైందో ఆవిడకి తర్వాత తెలిసింది. వీధంతా వచ్చి కూర్చున్నారు. పట్టుకుని లాగే ఘట్టం రాగానే తల్లి లేచి నిలబడింది, ఇప్పుడు చూడండి, ఇప్పుడు చూడండి అంటూ. వద్దులే అన్న మాట వచ్చింది, ఎపిసోడ్ అయిపోయింది. లాండ్రీ ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుని, పాపం పెళ్ళాం కూడా వద్దందమ్మా నీ కొడుకు మొహం అందట. అందరూ నవ్వుకుంటూ ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. తల్లి ఒక్కతే కుర్చీలన్నీ ఎత్తి పెట్టుకుంది.

కుర్రాడు ఇది ఫిర్యాదుగా చెప్పలేదట. దవడ మాని తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంటే, అమ్మ చూసిందా అని ఈవిడే అడిగింది, చెప్పాడు. చెప్పి కళ్ళు మూసుకున్నాడు. ఇక ఆ రోజునించి కుర్చీలో కబుర్లు లేవు. అక్కా అని పిలుస్తాడు, తల ఎత్తమంటే ఎత్తుతాడు, అంతే. ఆవిడేదైనా చెబితే ఊఁ కొడతాడు.

జిగురక్క ఇంటికొచ్చి డ్రైవరుగారితో చెప్పుకుంది. నేనప్పుడు అక్కడే ఉన్నాను, ఉప్పు కోసమో దేనికో వెళ్ళి. నేను చేసిన తప్పేమిటండీ, ఆ కథకి అదే బావుంది, లోకమంతా బావుందంది, అంటూ గబగబా వాదిస్తోంది, ఆయన అడక్కుండానే. ఆయన బూట్లు విప్పుకుంటూ అంతా విన్నాడు.

"కథలో పిల్లకి బానే ఉంది," అన్నాడు. "నన్ను కడుక్కుని రమ్మన్నావు, వచ్చాను. ఆ కుర్రాణ్ణి కడుక్కుని రమ్మనేవాళ్ళు లేరు."

బూట్లు మూల పెట్టి లోపలికి పోయాడు. నేను ఉప్పు మర్చిపోయి కిందకి వచ్చేశాను.

మర్నాడు ఆవిడ దర్శకుడి దగ్గరికి వెళ్ళింది. చిరిగిన చోట చర్మం ఇంకా లేతగా ఉందని, రోజూ జిగురు పడితే దద్దుర్లు లేస్తున్నాయని చెప్పింది. అది నిజమే. గడ్డం దగ్గర రబ్బరు తీసేసి, చర్మం మీదే ఆకుపచ్చ రంగు వేస్తానంది. ఆయన ససేమిరా అన్నాడు, జనానికి ఆ మొహమే కావాలన్నాడు. జనానికి తేడా తెలిస్తే మళ్ళీ పాతదే పెడతానని ఈవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి ఆయన విసుగెత్తి, ఒక్క ఫోనొచ్చినా మళ్ళీ మొత్తం తొడుగేనని ఒప్పుకున్నాడు.

ఇక చూడండి ఆవిడ పని. ఒక్కసారిగా తీస్తే ఎవరైనా కనిపెట్టేస్తారు. అందుకని మొదట గడ్డం ఒక్కటే. కొన్నాళ్ళాగి మూతి. మరి కొన్నాళ్ళకి ఓ చెంప, తర్వాత రెండో చెంప. ప్రతిసారీ రబ్బరు కొత్తగా పోసుకుని, అంచుని గోటితో పల్చన చేసి, చర్మంలో కలిపేసి, పైన రంగు వేసి. అంతకుముందు ఆ మొహం పొయ్యడానికి ఎంత కష్టపడిందో తీసెయ్యడానికి అంతకు రెట్టింపు పడింది. ముక్కు దగ్గర మాత్రం చెయ్యి రాలేదని చెప్పింది. ఆ చప్పిడి ముక్కంటే ఆవిడకి ప్రాణం. దాని దగ్గర ఆగింది, ఆగింది, ఓ రోజు అదీ తీసేసింది.

నేను రోజూ చూసినదాన్నే, నాకేం తెలియలేదంటే నమ్మండి. అబ్బాయి కాస్త ఒళ్ళు తగ్గాడేమో అనుకున్నాను. బామ్మగారైతే, పెళ్ళయ్యాక మొహంలో కళ వచ్చింది చూడండి, ఆ పిల్ల చెయ్యి మంచిది అన్నారు. అందరం అవునంటే అవునన్నాం. పైగా ఆ డాక్టరమ్మాయి కూడా ఇప్పుడతన్ని చూసి ఎక్కువ నవ్వుతోంది. నవ్వదూ మరి, ఎదుటి మనిషి మూతి కదులుతుంటే. స్టూడియోకి ఒక్క ఫోను రాలేదు.

ఫలితం ఏమిటంటే ఆవిడకి పని తగ్గింది. ఓ పూట పట్టే పని కాస్తా చూస్తుండగానే అయిపోతోంది. ఆకుపచ్చ రంగు అద్దడానికి జిగురక్కే కావాలా, మామూలు మేకప్ వాళ్ళు అద్దేస్తారు. నుదుటి గట్లు కూడా చివరికి వాళ్ళే నేర్చుకున్నారు. ఇప్పుడామెని చెవులు పెట్టడానికి పిలుస్తున్నారు, అంతే. మిగతా రోజుల్లో ఏదో దెయ్యం సినిమాలో పనిచేస్తోంది. ఆ దెయ్యానికి అసలు ఒద్దిక లేదట, పెట్టిన మొహం పెట్టినట్టు ఉంచుకోదట, తిట్టిపోస్తుంది ఇంటికొచ్చి. కుర్రాడికి మాత్రం కుర్చీలో మళ్ళీ నోరు వచ్చింది. చెవులు అతికించే ఆ కాస్సేపట్లోనే ఊపిరాడకుండా కబుర్లు చెబుతాడట, వినలేక చస్తున్నానని మురిసిపోతూ చెబుతుంది.

మొన్న ఓ సాయంత్రం ఆవిడ మా ఇంట్లో ఉండగా ఫోను వచ్చింది. కుర్రాడి తల్లి. కొడుకు దగ్గర నంబరు తీసుకుందట. జిగురక్క ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడిపోయింది. ఆ తల్లి గొంతు పెద్దదేమో, నాకూ సగం వినపడింది. ముందురోజు ఎపిసోడ్‌లో పెళ్ళికొడుకు ఏదో మాటకి నవ్వాడు. నవ్వితే కింది పెదవి ఎడం వైపుకి జారుతుంది, వాళ్ళ నాన్నకీ అంతే. లాండ్రీ ఆవిడ ఇస్త్రీ చేస్తూ చూసి, పెట్టె అలాగే వదిలేసి వీధి దాటి వచ్చి, ఒసే వాడు నీ కొడుకేనే అందట. చొక్కా ఒకటి మాడిపోయిందట ఆ వచ్చే హడావుడిలో. వీధంతా ఇప్పుడు తన దగ్గరికే వచ్చి చూస్తున్నారని, ఆకుపచ్చగా ఉన్నా కనుముక్కు తీరు బాగుందంటున్నారని, తనకి కుట్టుపని చేసుకునే తీరిక కూడా లేకుండా చేస్తున్నారని ఆవిడకి ఒకటే సంతోషం.

మాట్లాడి మాట్లాడి, ఎందుకో అనుమానం వచ్చినట్టు, ఆ చెవులు కూడా మావాడివేనా అమ్మా, చిన్నప్పుడు అంత పెద్దవి కావే అని అడిగింది.

"చెవులు నావమ్మా," అంది జిగురక్క. "మిగతాదంతా మీదే."